ఒడ్డున పెట్టిన చిల్లు

సదానందయ్య గారికి వాదన గిట్టేది కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవారు. ఆయన దగ్గర శాస్త్రం చదువుకుంటున్న శేషాచలం ఒకనాడు, "గురువు చెప్పినదాంట్లో తప్పు కనబడితే శిష్యుడు కాదనవచ్చునా అండీ?" అని అడిగాడు. ఆ అడగడంలో సందేహం కన్నా భయమే ఎక్కువగా ఉంది. అప్పుడాయన ఈ సంగతి చెప్పారు.

కాకినాడ రేవులో పోలరాజు మాస్టారని ఒకాయన పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పేవాడు. పడవ పాతది. అందులో ఆయన చెయ్యి పడని పలక లేదు. ఆయన దగ్గరే పని నేర్చి, ఆయన తరవాత అంతటిదని పేరు తెచ్చుకున్న శిష్యురాలు లోవకుమారి. ఒక ఏడు వానలు వెనకబట్టాక పడవను ఒడ్డుకు లాగి మాస్టారి షెడ్డులో రంగులు వేస్తున్నారు. మర్నాడు పిల్లల్ని ఎక్కించుకుని సముద్రంలో దీవి దాకా వెళ్లాలి. లోవకుమారి పడవ కిందికి దూరి, ఒడ్డుకు లాగినప్పుడు లోపలి నీళ్లు వదలడానికి అడుగున బిగించిన, బిరడా పెట్టే ఇత్తడి గొట్టాల దగ్గర ఆగిపోయింది. పాత రంగు గీకి చూస్తే, ఇత్తడి పసుపు పోయి ఇటుక రంగుకు తిరిగి ఉంది.

"మాస్టారూ, ఇవి మార్చాలండీ. ఉప్పునీరు తినేసింది."

"అవి నేను బిగించినవి. ఇన్నేళ్లలో చుక్క నీరు రాలేదు. రంగు వేసెయ్."

"మీ బిగింపులో లోపం లేదండీ. లోహంలోనే సత్తువ లేదు."

"వాటి మీద చెయ్యి వేశావంటే మళ్లీ ఈ షెడ్డులో అడుగు పెట్టకు."

పనివాళ్లు కుంచెలు ఆపి చూస్తున్నారు. ఆ రోజు దాకా ఆమె ఆయన మాట జవదాటి ఎరగదు. సుత్తి తీసుకుని మెల్లిగానే తట్టింది. గొట్టం బెల్లం అచ్చులా విరిగి ఇసకలో పడింది. రెండోదీ అంతే. మూడోది విరగలేదు, అదీ ఆ వయసుదేనని ఊడదీసింది.

"పడవకు చిల్లు పెట్టావు," అన్నాడాయన.

"ఒడ్డున పెట్టానండీ."

ప్రయాణం ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ షెడ్డుకు వచ్చింది. "రావద్దన్నాను కదా," అన్నాడు మాస్టారు.

"చిల్లులు నేను చేసినవి, నేనే పూడ్చాలి. ఆ తరవాత వెళ్లగొట్టండి," అని పడవ కిందికి దూరింది.

ఉప్పునీటికి తట్టుకునే కంచు గొట్టాలు తెప్పించింది. చెక్కలో చెమ్మ ఆరేదాకా ఆగి, ఒక్కొక్కటే బిగించింది. అన్నాళ్లూ ఆయన ఆమెతో మాట్లాడలేదు. తప్పయిందని ఆమె అనలేదు.

పడవను నీళ్లలోకి దింపిన రోజున ఆమె ఒక్కతే ఎక్కి, అడుగు పలకలు ఎత్తి చేత్తో తడిమి చూసింది. పొడిగా ఉంది. దిగి వచ్చి పనిముట్లు సంచిలో సర్దుకుంటూ ఉంటే మాస్టారు వచ్చాడు. ఆమె వంక చూడలేదు. పంచె ఎగగట్టి, మోకాలి లోతు నీళ్లలో నడిచి పడవ ఎక్కాడు. ఎప్పుడూ కూర్చునే చుక్కాని దగ్గర కాక, ముందు వైపు పిల్లలు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. లోవకుమారి కాసేపు నిలబడి చూసి, సంచి ఒడ్డున వదిలి, వెళ్లి చుక్కాని పట్టుకుంది.

"అయితే ఆమె చేసింది సరైనదేనని మాస్టారు ఒప్పుకున్నాడా అండీ?" అని అడిగాడు శేషాచలం.

"ఒప్పుకున్నట్టు నేను వినలేదు," అన్నారు సదానందయ్య గారు. "పడవ మటుకు ఎక్కాడు."