ముప్పై ఆరు కుండలు

గోదావరి గట్టు కింద చినముక్కవరంలో పూతరేకుల మహిళా సంఘానికి కొత్తగా అధ్యక్షురాలైన సుభాషిణికి ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే తేలిపోయేది గానీ, ఎదుటి మనిషిని ఒక మాట అడిగి చూద్దామని మాత్రం ఎప్పుడూ తోచేది కాదు.

సంఘంలో ముప్పై ఆరు మంది ఉండేవారు. ఎవరి పెరట్లో వారు పొయ్యి మీద కుండ బోర్లించి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగేవారు. ఉల్లిపొర లాంటి రేకు లేచి వచ్చేది. ఆ పనిలో ఆ ఊరి ఆడవాళ్లకు ఎదురులేదు. కానీ ఏడాది పొడుగునా పని దొరక్క, అంతకుముందు మూడేళ్లలో మరో పదకొండు మంది కుండలు అటకెక్కించి రొయ్యల షెడ్లకు పోయారు. అక్కడ రోజంతా మంచు నీళ్లలో నిలబడి రొయ్యల తలలు తీయాలి. మిగిలిన ఈ ముప్పై ఆరు మందీ నేడో రేపో అదే దారి పట్టేలా ఉన్నారు.

అలాంటి సమయంలో హైదరాబాదు మిఠాయి కంపెనీ ఒకటి కబురు పంపింది. ఇరవై రోజుల్లో లక్షా యాభై వేల రేకులు చేసివ్వగలిగితే ఏడాదంతా పని ఇస్తామన్నారు. అంతకుముందు తమ మనిషి వచ్చి ఒకరోజు పని చూసి ఖాయం చేస్తాడన్నారు. అతను రావడానికి నెల రోజుల గడువుంది.

సుభాషిణి నిలబడిన చోటే లెక్క తేల్చింది. రోజుకు ఏడు వేల ఐదు వందలు కావాలి. ఇళ్లలో అందరూ కలిసి చేసేది ఆరు వేల నాలుగు వందల ఎనభై. వెయ్యీ ఇరవై తక్కువ. పాలవాడు పిలిచాడనీ, పిల్ల ఏడ్చిందనీ, కోడి పిండిలో కాలు పెట్టిందనీ ఒక్కొక్కరూ రోజుకు రెండు గంటలు పొయ్యి దగ్గర నుంచి లేస్తున్నారు. ఆ రెండు గంటలూ నిలబెడితే చాలు.

ఆమె ఎవరితోనూ చెప్పకుండా ఊరి చివర ఖాళీగా ఉన్న ధాన్యం గోదాముకు సున్నం వేయించింది. పద్దెనిమిది గ్యాసు పొయ్యిలు పెట్టించింది. ఒకే కొలతలో పద్దెనిమిది కొత్త కుండలు తెప్పించి, నూనె రాసి వారం రోజులు కాల్పించింది. పొద్దున పద్దెనిమిది మంది, మధ్యాహ్నం పద్దెనిమిది మంది. ఎవరు ఏ గంటకు రావాలో కాగితం రాసి గోడకు అంటించింది. అప్పుడు అందరినీ పిలిచి చూపించింది.

వాళ్లందరిలోకీ పెద్దది మాణిక్యం. నలభై ఏళ్లుగా కుండ ముందు కూర్చున్న మనిషి. ఆమె గోదామంతా ఒకసారి కలియజూసి, ఒక కుండ వీపు మీద అరచెయ్యి పెట్టి తీసేసింది. చీరకు చెయ్యి తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది.

మొదటి రోజు వందకు నలభై ఒక్క రేకులు చిరిగిపోయాయి. ఇళ్లలో అయితే వందకు ఐదు దాటేవి కావు. రేకు నడిమధ్య మాడేది, అంచులు పచ్చిగా కుండను పట్టుకునేవి. సుభాషిణికి ఒళ్లు మండింది. కొత్త పద్ధతి ఇష్టం లేక కావాలనే చెడగొడుతున్నారనుకుంది. మర్నాడు గోడకు నల్లబల్ల తగిలించి, ఎవరి రేకులు వందకు ఎన్ని చిరిగాయో పేర్ల పక్కన రాయించింది. ఆ రోజు నుంచి గోదాములో నవ్వులు ఆగిపోయాయి. వాళ్లు కాగితంలో ఉన్న గంటకు వచ్చి, కాగితంలో ఉన్న గంటకు వెళ్లిపోయేవారు. పద్మావతి అనే ఆవిడ మాత్రం రొయ్యల షెడ్డులో ఇంకా ఖాళీలున్నాయా అని పక్కావిడను గట్టిగానే అడిగింది.

మూడో రోజు సాయంత్రం అందరూ వెళ్లాక సుభాషిణి బల్ల ముందు నిలబడి అంకెలు చూసింది. నలభై ఏళ్ల చెయ్యి మాణిక్యానిది. ఆమె పేరు పక్కన ముప్పై ఎనిమిది. నిరుడే పని నేర్చిన ఒక కోడలు పిల్ల పేరు పక్కన నలభై నాలుగు. మిగిలిన అందరూ ఆ రెండు అంకెల మధ్యే ఉన్నారు. చెయ్యి చెడితే ఒకరిద్దరిది చెడుతుంది. ముప్పై ఆరు మంది చేతులూ ఒకేసారి, ఒకే మోతాదులో చెడవు. చెడింది వాళ్ల పని కాదు, తన ఏర్పాటు. లెక్క అంత తేటగా కనిపిస్తుంటే మూడు రోజులు తనకెందుకు కనిపించలేదా అని ఆమె సిగ్గుపడింది.

మర్నాడు ఆమె అందరికంటే ముందు వచ్చి బల్ల తుడిచేసి, ఒక కుండ ముందు చీర చెంగు దోపుకుని కూర్చుంది. వంద లాగులు లాగింది. తొంభై రెండు చిరిగాయి. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“బాగానే వస్తున్నాయి అమ్మాయ్, అప్పడాలు,” అంది పద్మావతి. మూడు రోజుల తర్వాత గోదాము గొల్లుమంది. సుభాషిణి కూడా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక ఆమె మాణిక్యం వైపు తిరిగింది.

“తప్పు ఎక్కడుంది పిన్నీ?”

“మంటలో ఉంది, కుండలో ఉంది.”

“మొదటి రోజే తెలుసా నీకు?”

“చెయ్యి పెట్టగానే తెలిసింది.”

“మరి చెప్పలేదేం?”

“కాగితం మీద గంటలు రాశావు, పేర్లు రాశావు,” అంది మాణిక్యం. “మమ్మల్ని అడిగినట్టు ఎక్కడా రాయలేదు కదమ్మా.”

సుభాషిణి పెన్ను, పుస్తకం పక్కన పెట్టి నేల మీద బాసింపట్టు వేసుకుంది. ఆ పూట పని జరగలేదు, మాటలే జరిగాయి. గ్యాసు మంట ఒక్కచోటే పొడుస్తుందనీ, కొబ్బరాకు మంట అయితే కుండ కడుపంతా పాకుతుందనీ ఒకరు చెప్పారు. ఎవరి కుండ వేడి వారి చేతికే తెలుస్తుందనీ, దాన్ని బట్టే పిండి పలచన చేసుకుంటామనీ, ఒకే కుండను ఇద్దరికి పంచితే ఇద్దరికీ లొంగదనీ ఇంకొకరు చెప్పారు. అయితే గోదాము వద్దని ఒక్కరూ అనకపోవడం చూసి సుభాషిణికి ఆశ్చర్యం వేసింది. వాన కురవని కప్పు, ఇంట్లో పొగ లేకపోవడం వాళ్లకూ నచ్చాయి. పసిపిల్లలను చూసుకోవడానికి ఒకరిని పెడితే ఆ రెండు గంటలే కాదు, మూడు గంటలు కలిసి వస్తాయని లెక్క చెప్పింది కూడా వాళ్లే. పిండి మాత్రం అందరికీ కలిపి ఒకేచోట రుబ్బుదామని, ఎవరికి కావలసినంత పలచగా వారు నీళ్లు కలుపుకుంటామని పద్మావతి అంది.

మర్నాడు పొద్దున్నే చినముక్కవరం వీధిలో ముప్పై ఆరు మంది ఆడవాళ్లు తమ తమ నల్లని కుండలను చంకనెత్తుకుని వరసగా నడిచారు. మాణిక్యానికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆమె కుండను సుభాషిణి మోసింది. టీ కొట్టు దగ్గరి మగవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి చూశారు. గోదాము గోడల పొడుగునా మట్టి పొయ్యిలు లేచాయి. పొగ పోవడానికి కప్పు మీది పెంకులు ఒక వరస తీశారు. వారం తిరిగేసరికి చిరిగేవి వందకు నాలుగుకు దిగాయి.

కంపెనీ మనిషి పేరు చలపతిరావు. ఆయన వచ్చి, చిన్నా పెద్దా కుండలు చూసి పెదవి విరిచాడు. ఇన్ని రకాల కుండల మీద రేకు ఒకేలా ఎలా వస్తుందని అనుమానపడ్డాడు. పది కుండల నుంచి పది రేకులు తీయించి, వార్తాపత్రిక మీద ఒక్కొక్కటీ పరిచి, దాని కింది అక్షరాలు పైకి చదివాడు. పదింటి కిందా ఎక్కడా తడబడలేదు. సాయంత్రానికి ఆ రోజు లెక్క ఏడు వేల ఎనిమిది వందల పన్నెండుకు వచ్చింది.

“సరేనండీ. మరి దీపావళికి రెట్టింపు కావాలంటే?” అని ఆయన సుభాషిణిని అడిగాడు.

జవాబు ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకుని, పొయ్యిల వైపు తిరిగింది.

“ఆ సంగతి వీళ్లు చెప్పాలండి. ఏమంటారు పిన్నీ?”

మాణిక్యం గుడ్డ పిండిలో ముంచుతూనే చెప్పింది. “షెడ్లకు పోయిన పదకొండు మందినీ వెనక్కి పిలవాలి. ఇంకా తక్కువైన చోట కొత్తవాళ్లకు పని నేర్పాలి. కొత్త కుండ చేతికి లొంగడానికి నెల పడుతుంది. ఈ రోజు చెప్పండి, దీపావళికి ఇస్తాం.”

చలపతిరావు ఆ మాట మీదే ఏడాది పని ఖాయం చేసి కాగితం మీద సంతకం పెట్టాడు. సంఘం తరఫున సంతకం పెట్టమని సుభాషిణి చేతికి ఇస్తే, ఆమె దాన్ని ముప్పై ఆరు మంది దగ్గరకూ తిప్పింది. సంతకాలూ వేలిముద్రలూ కలిసి ఆ కాగితం వెనక వైపు కూడా నిండిపోయింది. పద్మావతి సాయంత్రమే సైకిలెక్కి రొయ్యల షెడ్డు వైపు బయలుదేరింది, పాత స్నేహితురాళ్లను పిలుచుకు రావడానికి.

నీతి: మార్పు తేవాలనుకునే నాయకుడు ముందు ఆ పని చేసే చేతులను అడగాలి, అడిగినప్పుడు ఆ మార్పును వాళ్లే తమదిగా చేసుకుని నిలబెడతారు.