మ్యాపు చెప్పిన కొట్టుకే తాళం

ఇంతవరకు నోరు విప్పి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. సుదర్శనం ఫోన్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక్కసారి కూడా చేయలేదు.

సుదర్శనం మా నరసాపురం కొట్టు నడిపే మనిషి. నేను భీమవరం కొట్లో బిల్లులు కొడతాను. రెండూ రాజుగారివే. పాలకొల్లు, తణుకు, ఆకివీడులో కూడా ఆయన టిఫిన్ కొట్లున్నాయి. అసలు పేరు విజయరామరాజు. కిరీటం ఒక్కటే తక్కువ. రోజూ పొద్దున్నే భీమవరం కొట్లో ఫ్యాను కింద పెద్ద కుర్చీ వేయించుకుని దర్బారు తీరుస్తారు. పెసరట్టు తింటూ తీర్పులిస్తారు.

ఆవేళ తీర్పు నరసాపురం మీద పడింది.

"అక్కడ కూర్చుని ఈగలు తోలుకుంటున్నారు. శుక్రవారం నేనే వెళ్ళి తాళం వేసొస్తాను. హైమా, గట్టి తాళం ఒకటి కొనుక్కురా."

నా చేతిలో చిల్లర కింద పడింది. ఆ కొట్టు మూసేస్తే సుదర్శనం హైదరాబాదులో ఏదో క్యాంటీన్‌లో చేరిపోతాడని సరుకుల వ్యాను అతను అప్పటికే చెప్పి ఉన్నాడు.

జనం ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. ఎలా తెలిసిందో చెప్పుకోవడమే సిగ్గు. ఫోటోల్లో ఎక్కడైనా సుదర్శనం కనపడతాడేమోనని ఫోన్‌లో నరసాపురం కొట్టు వెతికాను. రాజుగారి మీసం కనపడింది. పోనీ దారైనా చూద్దామని నొక్కితే, మ్యాపు తిన్నగా నేను కూర్చున్న కౌంటరుకే తీసుకొచ్చింది.

ఇది ఉదయవర్మ ఘనకార్యం. రాజుగారి మేనల్లుడు. మా సంస్థానానికి ఆన్‌లైన్ మహామంత్రి. వెతికేవాళ్ళకి కొట్లు ఫోన్‌లో కనపడేలా పెట్టమని రాజుగారు పని అప్పగిస్తే, ఎండలో ఊళ్ళు తిరగడం దేనికని మా ఏసీ గదిలో కూర్చునే అన్నీ పెట్టేశాడు. నువ్వున్న చోటే కొట్టుందా అని ఫోన్ అడిగిన ప్రతిసారీ అవునన్నాడు. దాంతో అయిదు కొట్లూ ఒకే గదిలో కాపురం పెట్టాయి. మిగతావి పాతవి, ఆ ఊళ్ళవాళ్ళకి ఏ మ్యాపూ అక్కర్లేదు. నరసాపురంది కొత్తది, అందులోనూ సందులో ఉంది. బీచికి పోయేవాళ్ళు వెతుక్కుంటూ వస్తేనే దానికి బేరం.

ఇక ఫోన్ నంబరంటారా, అన్నిటికీ రాజుగారిదే. అది ఆయన ముచ్చట. నా కొట్టుకి ఫోన్ చేస్తే నేనే పలకాలంటారు. పలికేవారు కూడా. నరసాపురంలో పార్సిల్ ఇస్తారా అని ఎవరైనా అడిగితే, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అని ఈయన. తెలీదండీ, ఉప్మా పెసరట్టు ఉందా అని అవతలివాళ్ళు. ఠక్కున పెట్టేసేవారు.

ఇదంతా మొహమ్మీద చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఇదివరకు ఆకివీడు కొట్టు వంటమాస్టారు మేనల్లుణ్ణి ఒక మాటన్నాడు. మర్నాటి నుంచి ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

అందుకని వినయంగా చేతులు కట్టుకున్నాను. ఉదయవర్మగారు ఇంత గొప్పగా మ్యాపులో పెట్టారు కదా, రాజుగారు ఒక్కసారైనా దాన్ని వాడలేదు కదా, మామూలు కస్టమరులా దాన్నే నమ్ముకుని వెళితే ఆ ముచ్చటా తీరుతుంది కదా అన్నాను. ఉదయవర్మ ఉబ్బిపోయి, కారు తనే నడుపుతానన్నాడు. రాజుగారికి మారువేషం సరదా పుట్టింది. నల్లకళ్ళద్దాలు చాలన్నారు. ఆ మీసాన్ని ఏ కళ్ళద్దాలు దాస్తాయో నేను అడగలేదు.

శుక్రవారం ఉండి ఊళ్ళో తమ ఇంటి దగ్గర బయల్దేరారు. నరసాపురం పోవాలన్నా భీమవరం మీదుగానే కాబట్టి రాజుగారికి అనుమానం రాలేదు. వెనక సీట్లో కునుకు తీశారు. ఫోన్ ఎటు తిప్పమంటే అటు తిప్పాడు ఉదయవర్మ. మన బజారులోకి ఎందుకు తిప్పావయ్యా అని తర్వాత అడిగితే, ఏదో దగ్గర దారి అనుకున్నాడట.

కారు మా కొట్టు ముందు ఆగింది. లోపల టేబుళ్ళన్నీ నిండి, ఇంకొందరు నిలబడి ఉన్నారు. కావాలనే ముందుగా ఇవ్వకుండా అట్టేపెట్టిన తాళం పట్టుకుని నేను మెట్ల మీద ఉన్నాను.

మీరు చేరవలసిన చోటికి చేరుకున్నారు అంది ఫోన్.

రాజుగారు కళ్ళద్దాలు తీశారు.

"ఇదేంట్రా, ఇది మన కొట్టే కదా."

నేను తాళం రెండు చేతులా అందించాను.

"వేసేయండి రాజుగారూ. మ్యాపు ప్రకారం నరసాపురం కొట్టు ఇదేనండి."

ఆయన తాళం వైపు చూశారు. కిటకిటలాడుతున్న కొట్టు వైపు చూశారు. మేనల్లుడి వైపు చూశారు. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎవరో పిల్లాపాపలతో నరసాపురంలో తిరుగుతున్నారట. సెంటరు మొత్తం రెండు చుట్లు చుట్టాం, మీ కొట్టు ఎక్కడండీ బాబూ అని అరుస్తున్నారు. మెట్ల మీదున్న నాక్కూడా వినపడింది.

రాజుగారు గొంతు సవరించుకున్నారు.

"నేనూ దానికోసమే తిరుగుతున్నానండి."

అని, ఆయనకే నవ్వాగలేదు. మీసం ఊగిపోయేలా నవ్వారు. కొట్టంతా నవ్వింది. దోసెల పెనం దగ్గర మాస్టారు అట్టు మాడబెట్టుకుని మరీ నవ్వాడు.

తాళం వృథా పోలేదు. ఉదయవర్మ ఏసీ గదికి వేయించారు. అయిదు కొట్ల వ్యవహారం నాకు అప్పగించి, జీతం పెంచి, దర్బారులో పెద్ద కుర్చీ పక్కన నాకో స్టూలు వేయించారు. నేనక్కడే కూర్చుని మ్యాపులో ఒక్కో కొట్టునీ దాని ఊళ్ళో, దాని వీధిలో దింపాను. దేని వేళలు దానికి, దేని ఫోటో దానికి. మీసం భీమవరానికి మాత్రం ఉంచాను, పాపం.

ఆఖరున నంబర్లు. తణుకుది అడిగి వేశాను. పాలకొల్లుది అడిగి వేశాను. నరసాపురంది ఎవర్నీ అడక్కుండా టకటకా కొట్టేశాను. తలెత్తేసరికి రాజుగారు పెసరట్టు ముక్క తుంచి, నోట్లో పెట్టుకోకుండా నన్నే చూస్తున్నారు.

"సరైన నంబరేనా హైమా? ఒకసారి చేసి చూడరాదూ."

సరైనదేనండి అని తల దించుకున్నాను. ఇవాళ్టి నుంచి జిల్లాలో ఎవరైనా సరే, పెసరట్టు కోసం సుదర్శనానికి ఫోన్ చేసుకోవచ్చు. నేనే పెట్టాను కదా, అందరికంటే ముందు నేనే చేస్తాను. కౌంటరు ఫోన్‌లోంచి కాదు, నా ఫోన్‌లోంచి. ఉప్మా పెసరట్టు ఉందాండీ అని మొదలుపెడతాను. తర్వాత సంగతి తర్వాత.