నూకరత్నం కట్టిన పోలయ్య వేషం

అనగనగా ఒక కాలం. ఏ ఏడని అడక్కండి, చెప్పేవాళ్లకే తెలీదు. ఊరంతటికీ ఒకటే టీవీ ఉండి, దానికీ చెక్క తలుపులూ తాళమూ ఉన్న కాలం అనుకోండి. ఆ కాలంలో సముద్రం ఒడ్డు వెంబడి ఊరూరా ఆడుకుంటూ తిరిగే నాటకాల కంపెనీ ఒకటుండేది. అందులో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడ పని తెర లాగడం. అంతే.

ఒకరోజు రాజు వేషగాడికి గొంతు పోయింది. మేనేజరు తల పట్టుకున్నాడు.

"దానికేం, నేను కట్టేస్తా!" అంది నూకరత్నం. మీసం అంటించుకుని రాజైపోయింది.

ఇంకోరోజు అత్త వేషం వేసే ఆవిడకి నొప్పులొచ్చాయి. "దానికేం, నేను కట్టేస్తా!" అంది. ఆ అత్త సాధింపులకి ముందు వరసలో కోడళ్లు పళ్లు కొరికారు.

మరోరోజు దేవుడి వేషగాడు కాఫీలో పంచదార తక్కువైందని అలిగి బస్సెక్కి వెళ్లిపోయాడు. "దానికేం, నేను కట్టేస్తా!" అంది. జనం లేచి దణ్ణాలు పెట్టారు.

అప్పట్నుంచి తెర లాగడానికి వేరే మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎవరు కనబడినా ఆవిడ చూసేది నడక. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత మాట. మూడూ పట్టిందంటే మనిషిని దింపేసినట్టే.

ఒకసారి ఆ కంపెనీ చేపలు పట్టుకునే ఓ పల్లెకారుల ఊళ్లో దిగింది. మూడో రోజు పొద్దున్నే గాలివాన పట్టుకుంది. ఊరివాళ్లూ, కంపెనీవాళ్లూ అందరూ బడి డాబాలోకి చేరారు. మధ్యాహ్నం దాకా గాలి ఒకటే హోరు. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. పైన ఎండ కూడా కాసింది.

"పోయింది తుఫాను! పదండ్రా, పడవలు చూసుకుందాం" అని పోలయ్య లేచాడు. ఆ ఊరికి పోలయ్య పెద్ద. ఆయన లేస్తే అందరూ లేచినట్టే.

నూకరత్నం గబుక్కున లేచింది. ఆవిడ చిన్నప్పుడు ఇలాగే గాలి ఆగితే, ఆవు కట్టు విప్పుదామని వాళ్ల నాన్న బయటికెళ్లాడు. గాలి రెండోవైపు నుంచి తిరిగొచ్చింది. నాన్న తిరిగి రాలేదు.

"వెళ్లకు మావా! అయింది సగమే. గాలి మళ్లీ వస్తుంది" అంటూ అడ్డం నిలబడింది.

పోలయ్య నవ్వాడు. "వేషాలేసుకునేదానివి, సముద్రం సంగతి నీకేం తెలుసమ్మా?"

నూకరత్నంగా చెబితే ఎవరూ వినలేదు. 'దానికేం' అనుకుంది. అక్కడున్న దుప్పటి భుజాన వేసుకుని రాజైపోయింది. "ఎవరక్కడ! తలుపు తీసినవాడికి మీసం గొరిగించెదము!" అని గర్జించింది. పిల్లలు కిలకిలా నవ్వి కూర్చుండిపోయారు. కొంగు బిగించి అత్తైపోయింది. "మా కోడలు పిండిన చీరకంటే వానలో తడిసిన గోడ నయం!" అంది. ఆడవాళ్లు కూర్చుండిపోయారు. మగవాళ్లు మాత్రం గుమ్మం దాటబోతున్నారు.

అప్పుడు ఆవిడ పోలయ్య అయిపోయింది.

కుడి భుజం ఎగేసి నడిచింది. రెండుసార్లు పొడిదగ్గు దగ్గింది. తువ్వాలుతో తొడ మీద చరిచి, ఎదురుగా పడవ ఉన్నట్టు దాని ముక్కు నిమిరి, "ఏమే, తిన్నావా?" అంది.

డాబా అంతా గొల్లుమంది. పోలయ్య భార్య ఎర్రమ్మ పొట్ట పట్టుకుని, "ఓలమ్మో! నన్నెప్పుడైనా అడిగాడా అలాగ!" అని దొర్లింది.

గడప మీదున్న పోలయ్య గిర్రున తిరిగాడు. "ఏయ్! నేనెప్పుడన్నాను అలా?"

"మరెలా అంటావు మావా? చూపించు!"

"చూపిస్తా ఉండు!" అని లోపలికొచ్చాడు. ఆయన వెనకే మగవాళ్లందరూ వచ్చేశారు. పోలయ్య దగ్గాడు. నూకరత్నం దగ్గింది. పోలయ్య నడిచాడు. నూకరత్నం నడిచింది. ఇద్దరిలో ఏ పోలయ్య బాగున్నాడని జనం కేకలు పెడుతుండగా తలుపు ధడేలుమని దానంతటదే మూసుకుంది.

గాలి తిరిగొచ్చింది. ఈసారి రెండోవైపు నుంచి. చెట్లు లేచిపోయాయి. పడవలు ఇసుక దిబ్బలు దాటి పడ్డాయి. మనిషి మాత్రం ఒక్కడూ పోలేదు.

పోలయ్య వెళ్లి మూసిన తలుపుకి గడియ పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "ఆపేశావేం తల్లీ? పిల్లలు బెదురుతున్నారు. మిగతాది కూడా ఆడు" అన్నాడు. గాలి తగ్గేదాకా నూకరత్నం ఆడుతూనే ఉంది.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పడి పట్నం చేరింది. టీవీవాళ్లు కబురు పెట్టారు. "వారానికో కొత్త మనిషిగా కనబడాలి. చేయగలవా?" అని అడిగారు. ఏమందో మీకు తెలుసు. పాటలు పాడింది, ఏడిపించింది, నవ్వించింది. ఒక వారం పోలయ్య వేషం కట్టింది. ఆరోజు పంచాయతీ టీవీ ముందు పోలయ్య కొత్త చొక్కా తొడుక్కుని కూర్చుని, "నేను టీవీలో పడ్డాను చూడండ్రా!" అని ఊరంతటికీ చూపించుకున్నాడు.

తల నెరిసేదాకా ఆడి ఆడి, ఒకనాడు నూకరత్నం కాలం చేసింది. ఆ తీరంలో ఆవిడకి గుడి కట్టలేదు, బొమ్మా పెట్టలేదు. కానీ ఇప్పటికీ అక్కడ గాలివాన నడుమ గాలి ఆగిందంటే ఎవరూ తలుపు తీయరు. గుంపులోంచి ఎవరో ఒకరు లేచి పక్కవాడి నడక నడుస్తారు. ఆ పక్కవాడు కోప్పడకూడదు. కోప్పడబోతే ముసలమ్మలు ఊరుకోమంటారు.

"నూకరత్నం పూనిందిరా. కూర్చుని చూడు" అంటారు.