కట్లు విప్పిన గుట్ట

ఎగువపాలెంలో బస్సు దిగి కాలువ గట్టు వెంబడి ఒక మైలు నడిస్తే కట్లగుట్ట వస్తుంది. మెట్లు నూట పదకొండు. మోకాళ్ళ నొప్పులున్నవారు నడుమ మండపంలో కాసేపు కూర్చుని ఎక్కవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు. పైన వీరభద్రస్వామి గుడి, దానికి కుడిపక్కన నడుమెత్తు రాతి విగ్రహం ఉన్నాయి. ఈ చుట్టుపక్కల వీరగల్లుల మీద వీరుడి చేతిలో కత్తో బల్లెమో తప్పకుండా ఉంటుంది. ఇక్కడి వీరుడు మాత్రం రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు తెరిచి, వట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. ఈయన ఇస్తున్నాడా, అడుగుతున్నాడా అని కొత్తగా వచ్చిన భక్తులు అర్చకులను అడుగుతుంటారు. అడిగినవారికల్లా చెప్పి చెప్పి వారి గొంతు పోయినందువల్లనే ఈ చిన్న పుస్తకం అచ్చు వేయించవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ ఎగువపాలెం, దిగువపాలెం అని రెండు ఊళ్ళు. రెండింటికీ ఏరు ఒక్కటే. నీళ్ళ కోసం ఏటా తలలు పగులుతుంటే విసిగిపోయి, పెద్దలు స్వామి ఎదుట ఒక కట్టడి చేసుకున్నారు. శ్రావణమాసంలో ఊరికొక మల్లుడు గుట్ట కింద ముష్టియుద్ధం చేయాలి. ఎవరు గెలిస్తే ఆ ఏడు నీళ్ళు వారి ఊరివే. ఏటి ఆనకట్టకు ఊరికొక తూము ఉండేది. గెలిచిన మల్లుడే వెళ్ళి తన ఊరి తూము పలకను తన చేతులతో ఎత్తాలి.

పోరుకు ముందు మల్లుల పిడికిళ్ళకు గంజిలో నానబెట్టిన నూలుపట్టీ చుట్టి, ఒక్కో చేతికి ఏడు ముడులు వేసేవారు. ఆరాక అది చెక్కలా బిగుసుకునేది. పోరు ముగిశాక ఓడినవాడే గెలిచినవాడి ముడులు విప్పాలి. ఓటమిని ఒప్పుకున్నానని దాని అర్థం. కత్తితో కోసినా, వేరొకరు విప్పినా ఆ పోరు చెల్లదు, ఆ ఏడు ఏ తూమూ తెరవకూడదు. ఓడినవాడు విప్పనంటే ఏం చేయాలన్నది మాత్రం ఏ పెద్దమనిషికీ తోచలేదు. అంత బుర్ర పెట్టి కట్టడి చేసినవారు ఆ ఒక్క సంగతీ మరిచారు!

ఎగువపాలెం మల్లుడి పేరు గాదిలింగప్ప. సంతల్లోనూ జాతరల్లోనూ ఆయనకు ఎదురు నిలిచి గెలిచినవాడు లేడు. ఆయన చేతి దెబ్బ తిన్నవారు, ఇది గాదిలింగప్ప గుద్దిన దవడ అని పదిమందికి చూపించుకునేవారట. ఆయనకూ తిప్పమ్మకూ ఒక్కతే కూతురు, ఈరమ్మ. ఒక ఏడు పోరులో తన గుద్దుకు మూడుసార్లు పడి మూడుసార్లూ లేచిన దిగువపాలెం సుంకన్న తెగ నచ్చి, పిల్లను అతనికే ఇచ్చి చేశాడు. మనుషులను ఎంచడంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

గాదిలింగప్ప వరసగా ఆరేళ్ళు గెలిచాడు. ఆరేళ్ళూ దిగువపాలెం తూము మూతబడే ఉంది. బావులు అడుగంటాయి. ఈసారి కూడా ఓడితే ఊరు ఖాళీ చేసి పోదామని దిగువపాలెంవారు తీర్మానించుకుని, మళ్ళీ సుంకన్ననే పోరుకు నిలబెట్టారు. అప్పటికి ఈరమ్మకు ఎనిమిదో నెల. తిప్పమ్మ మొగుడి ఎదుట కూర్చుని, ఒక్కసారి ఓడితే నీ సొమ్మేం పోతుందని ఏడ్చింది. దొంగపోరు పోరాడనని స్వామి ఎదుట ప్రమాణం చేసినవాడు ఏం చేస్తాడు? ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఆయన లేచి వెళ్ళి పట్టీ చుట్టించుకున్నాడు.

సుంకన్న ఆ రోజు నాలుగుసార్లు పడ్డాడు. మూడుసార్లు లేచాడు. నాలుగోసారి మామే అతనిని రెండు మోచేతులతో పట్టి లేపి, ముడులు విప్పమని పిడికిళ్ళు చాచాడు. సుంకన్న ఆ చేతులను ముట్టుకోలేదు.

"ఓడినాను మామా, కాదనను. కానీ ఈ ముడి విప్పితే మా ఊరిని నేనే తరిమేసినట్టు. అది నా చేత కాదు" అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎగువపాలెంవారు చప్పట్లు మధ్యలో ఆపేశారు. కొడవలి తెమ్మన్నాడొకడు. కోస్తే నీళ్ళు మనకూ లేవు కదరా అని వాడి నోరు మూయించాడు ఇంకొకడు. ఆనకట్ట వెనక నీళ్ళు నిండుగా నిలిచి ఉన్నాయి, కింద రెండు ఊళ్ళలోనూ నారుమళ్ళు ఎండుతున్నాయి.

గాదిలింగప్ప పాట్లు చెప్పనలవి కాదు. అంతటి వీరుడికి ముక్కు మీద ఈగ వాలితే తోలుకునే దిక్కు లేదు. తలపాగా జారితే చుట్టుకోలేడు, చెంబు పట్టుకోలేడు. తిప్పమ్మ ముద్దలు కలిపి నోటికందించేది, అందిస్తూనే సాధించేది. ఊరివారు రోజూ వచ్చి, అల్లుణ్ణి మెడ పట్టి తెప్పించమని పోరేవారు. అన్నిటికీ మించి ఊరు విడిచిపోయే కూతురి బండి ఏ పూట కదులుతుందోనని ఆయన గుండె పీకుతూనే ఉండేది. గెలిచిన ఆరుసార్లూ ఇలా దిగులుపడి ఎరుగడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఎవరి మాటా వినలేక గుట్టెక్కి, గుడి అరుగు మీద కాస్త కునుకు తీశాడు. కలలో ఒంటినిండా విభూతి పూసుకున్న జంగమయ్య ఒకడు కనబడి కర్రతో ఆయన పిడికిళ్ళను తట్టాడు.

"నిన్ను గెలిపించినవాడు దిగువపాలెంలో ఉన్నాడు. గుట్ట మీద నీకేం పని?"

గాదిలింగప్పకు మెలకువ వచ్చింది. నన్ను ఒకరు గెలిపించడమేమిటని మొదట ఒళ్ళు మండింది. మెట్లు దిగుతూ దిగుతూ ఉండగా, ఎదురు నిలబడి దెబ్బలు తినేవాడే లేకపోతే తాను ఎవరిని గెలిచేవాడని తోచింది. ఇంటివైపు తిరగకుండా నేరుగా దిగువపాలెం దారి పట్టాడు. సంగతి తెలిసి ఎగువపాలెం ఊరంతా వెనకబడింది.

దిగువపాలెంలో బండ్లు కట్టి ఉన్నాయి. కూతురి ఇంటిముందు బండి మీద రోకలి, తిరగలి, కోళ్ళగంప ఎక్కించి ఉన్నాయి. ఇంకొక్క గడియ ఆలస్యమైతే ఆ వీధిలో ఎవరూ ఉండేవారు కారు. అమ్మయ్య, సమయానికి అందుకున్నానని ఆయన గడపలోనే చతికిలబడ్డాడు. నీళ్ళిమ్మన్నట్టు నోరు తెరిచాడు. ఈరమ్మ దారిలో తాగడానికి ఉంచుకున్న కుండ మూత విప్పి, తండ్రి తల పట్టుకుని నీళ్ళు తాగించింది. ఆయన తాగి, అల్లుడి ముందు పిడికిళ్ళు చాచాడు.

"సుంకన్నా, తూము పలక ఎత్తే చేతులు ఇవి. విప్పితే రెండు తూములూ ఎత్తుతాను. ఇంక ఈ పట్టీ జన్మలో చుట్టుకోను. నా బిడ్డ ఇల్లు విడిచి పోగూడదు, అంతే."

వెనకనున్న ఎగువపాలెం పెద్దలు గగ్గోలు పెట్టారు. కట్టడి ఏమైందని, ఊరికి ద్రోహమని నోటికొచ్చినట్టు అరిచారు. గాదిలింగప్ప కూర్చున్న చోటునుంచి కదలకుండా, రెండో తూము వద్దన్నవాడు ముందుకొచ్చి నాతో తలపడి ఆపవచ్చు, చేతులకు కట్లు ఎలాగూ ఉన్నాయి అన్నాడు. ముందుకు ఎవరు వస్తారు? పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, న్యాయంగానే ఉంది, న్యాయంగానే ఉందని తలలాడించారు.

సుంకన్న ఎదుట కూర్చుని మామ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గంజికి తోడు నెత్తురు కూడా ఎండి ముడులు రాయిలా ఉన్నాయి. ఆ నెత్తురు తనదే. నీళ్ళతో తడుపుతూ, గోళ్ళతో, పళ్ళతో పద్నాలుగు ముడులూ విప్పాడు. పట్టీ ఊడి పడినా వేళ్ళు విచ్చుకోలేదు. ఒక్కొక్క వేలూ పట్టుకుని రుద్దాడు. చెయ్యి పూర్తిగా తెరుచుకోగానే ఈరమ్మ వంగి దానిని తన తల మీద పెట్టుకుంది. గాదిలింగప్ప చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఆయన ఎత్తిన రెండు తూముల నీళ్ళూ రెండు ఊళ్ళ నారుమళ్ళు తడిపాయి. బండ్ల మీది సామాను దింపేసరికి చీకటి పడింది. దిగువపాలెంవారు అంత సంతోషంగా బరువులు మోసింది ఎన్నడూ లేదట.

ఆ తరువాత ఆయన ఇరవై ఏళ్ళు బ్రతికాడు. పోరు మానినా పేరు తగ్గలేదు సరిగదా, హద్దుల తగవులున్నవారు, అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు ముప్పై ఊళ్ళనుంచి ఆయన అరుగు ముందుకు వచ్చేవారు. గెలిచిన రోజుల్లో ఆయనను చూడడానికి వచ్చినవారికన్నా వీరే ఎక్కువ. రెండు ఊళ్ళ కుర్రవాళ్ళకూ ముష్టియుద్ధం నేర్పాడు, జాతర వేడుకకు మాత్రమే. ఆయన శివైక్యం చెందాక, సుంకన్నే దగ్గరుండి, ఆనాడు తాను విప్పి తెరిచిన చేతులతో ఈ విగ్రహం చెక్కించాడు.

నేటికీ శ్రావణంలో మూడో సోమవారంనాడు, మాట పట్టింపులతో విడిపోయినవారు ఇక్కడికి వస్తారు. భక్తులు ఒక సంగతి గమనించాలి. పట్టీ చుట్టించుకోవలసినది ఓడినవారు కాదు, తగవులో తమదే పైచేయి అయినవారు. రెండు పిడికిళ్ళకూ కట్టించుకుని విగ్రహం ముందు కూర్చోవాలి. ఎదుటివారు వచ్చి విప్పేదాకా లేవకూడదు. గుట్ట మీదికి కత్తెరలు, చాకులు తేరాదు. ముడులు విప్పినవారి ఇళ్ళలోనూ, విప్పించుకున్నవారి ఇళ్ళలోనూ వియ్యాలు, పొత్తులు చెడవని పెద్దల మాట. అవతలివారు రాకపోతే ఎలాగని భయపడనక్కరలేదు. కూర్చున్నవారికి ఈరమ్మ వంశపు ఆడపడుచులు పూటపూటకూ ముద్దలు కలిపి నోటికందిస్తారు. మూడో పూట ముద్ద కలపవలసిన అవసరం ఇంతవరకూ ఎన్నడూ రాలేదని వారు చెబుతారు.