మూడో క్వార్టర్ రేడియో

సాయంత్రం చానల్ మేడమ్ వచ్చేలోపు ఒక హత్యకి పాట కుదరాలి. కుదరకపోతే విరూపాక్షని సీరియల్‌లోంచి తీసేస్తారు. ఆ ముక్క ఆవిడ పొద్దున్నే ఫోన్లో చెప్పింది, చాలా మర్యాదగా. కేకలేసి ఉంటే కొంచెం ఆశ మిగిలేది. మర్యాదగా చెప్పేసరికి విరూపాక్షకి టిఫిన్ సహించలేదు.

ఆ సీరియల్ కథ 1978లో, గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో జరుగుతుంది. గార్డుగా పనిచేసే ఒకాయనని ఎవరో చంపేస్తారు. చంపిందెవరో చివరి వారం దాకా తెలియదు. అందులో రేడియోలో ఏ పాట రావాలి, హోటల్లో ఏది మోగాలి, ఎక్కడ ఏ వాయిద్యం వినపడాలి అన్నది చూసుకోవడం విరూపాక్ష పని. తెరమీద అతని పేరు విడిగా పడటం ఇదే మొదలు. ఆ పేరు పడే క్షణానికి భార్య టీవీ ఆపి, ఫోటో తీసి, ఆదోనిలో చుట్టాలందరికీ పంపింది. ఎక్కడుంది, ఎక్కడుంది అని అందరూ తిరిగి అడిగారు. అంత చిన్నగా వేశారు. అయినా వేశారు.

పాత పాటల విషయంలో విరూపాక్షకి తనంటే తనకి మహా గౌరవం. ఏ పాట ఏ ఏడాదిదో, ఏ నెలలో రికార్డు బయటికొచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాడు. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు అమ్మాయి పుట్టిన సంవత్సరం వినగానే, ఆ ఏడాది పాటలన్నీ వరసగా అప్పజెప్పి, అమ్మాయి పేరు అడగడం మర్చిపోయి వచ్చిన మనిషి. ఇంత పాండిత్యం ఉన్నవాడు మొదటి ఎపిసోడ్‌లోనే బోల్తా పడ్డాడు. 1980లో వచ్చిన పాటని 1978 నాటి హోటల్లో మోగించాడు. జనం ఊరుకుంటారా? ఇంకా పుట్టని పాటని వింటున్న ఆ హోటల్ యజమానికి జాతకం చూపించుకోవాలి, అడ్రసు ఇమ్మని ఎగతాళి చేశారు.

అప్పట్నించీ విరూపాక్షకి పంతం పట్టుకుంది. సెలూన్లో ఆ ఏడాది పాట. జీపులో ఆ ఏడాది పాట. చివరికి దొంగ కూడా ఆ ఏడాది పేరుమోసిన పాటనే ఈలవేస్తూ తాళం పగలగొట్టాడు.

ఇప్పుడొచ్చిన చిక్కు హత్య బయటపడే ఘట్టంతో. పొద్దుగూకిన వేళ, గార్డు భార్య కూరల సంచీతో క్వార్టర్ల వరస వెంట నడిచి వస్తుంది. మొదటి ఇల్లు, రెండోది, మూడోది, ఇలా దాటుకుంటూ చివరన ఉన్న తన ఇంటికి చేరి, తలుపు తోసి, లోపల భర్తని చూసి కేక వేస్తుంది. ఎక్కడా తెగకుండా అంతా ఒకే షాటు. చంపినవాడు ఆ మూడో క్వార్టర్‌లో ఉండే సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. ఆ సంగతి మేడమ్‌కే ఇంకా చెప్పలేదు. చూసేవాళ్లకీ ఇప్పుడే చెప్పకూడదు గానీ, కాల్లో ముల్లు దిగినట్టు ఏదో ఒకటి మిగలాలి అన్నాడు డైరెక్టరు. ఆ ముల్లేదో పాటలోనే ఉండాలన్నాడు. షాటు తీసేశాక ఇంక ఆయన చేతిలో ఏముంది, అంతా విరూపాక్ష మీద పడింది.

విరూపాక్ష ఆ వరసంతా వినపడేలా మంచి పాట ఒకటి గట్టిగా వేసి, మూడో ఇంటి దగ్గరికి రాగానే ధామ్మని ఒక డ్రమ్ము పెట్టాడు. మేడమ్ చూసి, ఆ ఇంట్లో గ్యాసు బండ పేలిందా అని అడిగింది. డ్రమ్ము తీసి వయొలిన్లు పెట్టాడు. ఈసారి ఆవిడ అతన్నేమీ అడగలేదు. బొంబాయిలో కుర్రాడొకడు ఖాళీగా ఉన్నాడట అని డైరెక్టరుతో అంది.

అందుకే ఆ మధ్యాహ్నం కంప్యూటర్ చంకన పెట్టుకుని దస్తగిరి మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు. మేడమ్‌ని కూడా అక్కడికే రమ్మన్నాడు, మాస్టారి పక్కన కూచుంటే తన విలువ కాస్త పెరుగుతుందేమోనని.

మాస్టారి స్టూడియో అంటే చిలకలగూడలో ఒక ఇరుకు సందు, అందులో ఒక పాత ఇంటి ముందుగది. ఆయన సొంతూరు ప్రొద్దుటూరు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు ఆర్కెస్ట్రాల్లో క్లారినెట్ వాయించాడు, ఊపిరి చాలక అది మానేసి సౌండ్ పని పట్టుకున్నాడు. విరూపాక్ష ఏళ్ల తరబడి ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనే గానీ ఆయన నేర్పిందేమీ లేదు, పక్కన కూచోనిచ్చాడు. ఏం అడిగినా టీ తెమ్మనేవాడు. టీ తెచ్చేలోపు ఒక్కోసారి జవాబు దొరికేది. చాలాసార్లు టీ మాత్రమే దొరికేది.

విరూపాక్ష పెద్ద స్పీకర్లకి తగిలించి ఘట్టం వేశాడు. మాస్టారు కిటికీ పక్కన పేము కుర్చీలో కూచున్నాడు. తెరవైపు ఒకసారి చూశాడు, తర్వాత సందువైపు చూశాడు. రికార్డింగు లేనప్పుడు ఆ కిటికీ మూయనివ్వడు.

"ఈ పాట ఆ ఏడు ఏప్రిల్లో వచ్చింది మాస్టారూ. మన కథ ఆగస్టులో. అప్పటికి ఊరూరా మోగుతా ఉంటుంది. ఎవ్వడూ తప్పు పట్టలేడు."

"ఊఁ."

"మరి ఎందుకు పండటం లేదు?"

"ఇంగోసారి వెయ్ అబ్బీ."

ఇంకోసారి వేశాడు. పాట మార్చి వేశాడు. హుషారు పాట తీసి విషాదం పెట్టాడు, విషాదం తీసి జోలపాట పెట్టాడు. జోలపాట మధ్యలో శవం కనపడితే గుండె జల్లుమంటుందని తనే చెప్పుకుని, జల్లుమనలేదని తనే ఒప్పుకున్నాడు. మాస్టారు టీ కూడా అడగలేదు. ఆ సంగతికే విరూపాక్షకి అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. టీ తెమ్మనైనా అనకపోతే ఇంక తన కేసు ముగిసినట్టే.

ఫోన్ మోగింది. మేడమ్ బయల్దేరింది.

ఇంకో పాట వేశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఈ పాట బొత్తిగా బాగాలేదని మొదటి చరణంలోనే తెలిసిపోయినా ఆపలేదు, ఆపితే వేయడానికి ఇంకోటి లేదు.

మళ్లీ ఫోన్. మేడమ్ సందు మొదట్లోకి వచ్చేసింది. లోపలికి కారు వస్తుందా అని అడుగుతోంది. వస్తుంది మేడమ్, తప్పకుండా వస్తుంది అన్నాడు విరూపాక్ష. పాట మంచి ఊపులో ఉంది. తెరమీద గార్డు భార్య మూడో ఇంటి ముందుకి వచ్చింది.

అప్పుడు మాస్టారు లేచాడు. రెండడుగుల్లో బల్ల దగ్గరికి వచ్చి, స్పీకర్ల మీట పూర్తిగా కిందికి దించేశాడు.

గదిలోంచి ఒక్కసారిగా గాలి తీసేసినట్టయింది. విరూపాక్షకి అర్థం కాలేదు. కరెంటు పోయిందేమోనని దీపం వైపు చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. మాస్టారి చెయ్యి మీటమీదే ఉంది.

"మాస్టారూ, ఆవిడ వచ్చేసింది. సందు మొదట్లో ఉంది."

విరూపాక్ష మీటవైపు చెయ్యి చాపాడు. మాస్టారు ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. ముసలి చెయ్యి, అయినా ఉడుంపట్టు. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా అలా పట్టుకోలేదు.

తెరమీద బొమ్మ నడిచిపోయి, నోరు తెరిచి నిశ్శబ్దంగా అరిచి, ఆగిపోయింది. బయట ఎదురు దర్జీ షాపులో రేడియో పాడుతోంది. పైవాటాలో ఎవరో టీవీ పెట్టుకుని అత్తాకోడళ్ల తగువు వింటున్నారు. సందు చివర సెల్‌ఫోన్ల కొట్లో ఏదో దరువు. అన్నీ మోగుతున్నాయి, తన పాట ఒక్కటే మూగబోయింది. సొంత గురువే ఇలా నోరు నొక్కేశాక ఇంక బొంబాయి కుర్రాడు రైలెక్కడమే ఆలస్యం అనుకున్నాడు విరూపాక్ష. ఆ కుర్రాడికి ఈ కుర్చీ సరిపోతుందా అని కూడా ఆలోచించాడు. మనసు అలాంటివేవో ఆలోచిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం మాస్టారి పట్టులోనే ఉంది.

అప్పుడు ఎదురింట్లోంచి ఒక ఆడమనిషి ఏడుపు లేచింది.

దర్జీ షాపులో రేడియో ఆగింది. పైవాటాలో అత్తా కోడలూ మాట మధ్యలో ఆగారు. పక్కింట్లో ఇంకేదో ఆగింది, అది మోగుతోందని అప్పటిదాకా విరూపాక్ష గమనించనే లేదు. ఆఖరికి సందు చివర దరువు కూడా ఆగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ సందులో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పాట పెట్టరు. ఆదోనిలోనూ అంతే, ప్రొద్దుటూరులోనూ అంతే. ఏడుపు ఇల్లిల్లూ దాటుకుంటూ పోతుంటే, దాని వెనకే ఒక్కో ఇల్లూ మూగబోయింది.

మాస్టారు చెయ్యి వదిలాడు.

విరూపాక్ష కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎదురింటి గేటు పట్టుకుని ఆ ఇంటి కొడుకు నిలబడి ఉన్నాడు. లోపల ఏడుస్తున్నది తల్లి. ఆమెకి ఎలా చెప్పాలో తెలియక కాసేపట్నించీ అతనక్కడే నిలబడ్డట్టున్నాడు. ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయినట్టుంది. డాక్టరు స్కూటర్ మలుపు తిరిగి వెళ్లిపోతోంది.

"ఎవరు మాస్టారూ?"

"డ్రాయింగు సారు." రోజూ సాయంత్రం మాస్టారు ఎదురింటి అరుగు మీద ఆయనతోనే చదరంగం ఆడతాడు. ఒక్కోరోజు ఆట తెగక, పావుల్ని ఉన్నవి ఉన్నట్టే వదిలేసి లేస్తారు.

విరూపాక్ష కిటికీ దగ్గర్నించి ఇటు తిరిగాడు. "ఏడుపు ఇంకా మొదలే కాలేదు గదా మాస్టారూ. మీరు ముందే పాట ఎట్లా కట్టేశారు?"

మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"డాక్టరు పరుగెత్తుకుంటా లోపలికి పోయినాడు. నడుచుకుంటా బయటికొచ్చినాడు." కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, విరూపాక్ష వైపు తిరక్కుండానే అన్నాడు. "తెలిసినాక చెయ్యి ఊరుకోదు అబ్బీ."

సందు దాటి ఎదురింట్లోకి వెళ్లిపోయాడు.

విరూపాక్ష కూచున్నాడు. బొమ్మని వెనక్కి తిప్పి, గార్డు భార్య మూడో ఇంటి ముందు అడుగు వేస్తుండగా ఆపాడు. ఆ ఇంటి కిటికీలో మసకగా దీపం వెలుగుతోంది. ఇన్నాళ్లూ అతను ఆ కిటికీకి ఏం వినిపించాలా అనే చూశాడు. ఇప్పుడు చాలాసేపు ఊరికే చూశాడు.

తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిలో దిగాడు. సందు జనంతో నిండిపోవడం వల్ల మేడమ్ కారు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆ వ్యవధి చాలింది. డ్రమ్ము తీసేశాడు, వయొలిన్లు తీసేశాడు. పాటల్లో చేతికి మొదట తగిలిన దాన్ని తీసుకున్నాడు. దాన్ని ఇంటింటి రేడియోలో విడివిడిగా పెట్టాడు, అన్నీ ఒకే స్టేషను, ఒకే పాట, గార్డు భార్య ఏ ఇల్లు దాటితే ఆ ఇంట్లోంచి. ఆమె తలుపు తోసి కేక వేశాక ఆ రేడియోలన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టేశాడు. మూడో ఇంటి రేడియోని మాత్రం, ఆమె ఆ ఇల్లు దాటీ దాటగానే, తన తలుపు ఇంకా ముట్టుకోకముందే కట్టేశాడు.

మేడమ్ నడిచే వచ్చింది. చెమటలు కక్కుతూ, చెప్పుల దుమ్ము దులుపుకుంటూ, ఇదేం స్టూడియో అండీ, ఇదేం సందు అండీ అంటూ వచ్చింది. రాత్రికి ఇంకో మీటింగు ఉందనీ, బొంబాయి ఆయనకి మాట ఇచ్చేద్దామనుకుంటున్నాననీ, విరూపాక్షకి వేరే ఏదన్నా షోలో చూద్దామనీ చెప్పింది. ఆఖరి ముక్క మళ్లీ మర్యాదగానే ఉంది. స్పీకర్లో వేయమంది.

విరూపాక్ష కిటికీవైపు చూపించాడు. ఏడుపు వినపడుతూనే ఉంది. ఆవిడకి హెడ్‌ఫోన్స్ అందించాడు. ఉన్నది ఒక్కటే జత.

ఘట్టం మొదలైంది. ఆవిడకి పాట వినపడుతోంది, అతనికి వినపడటం లేదు. అతనికి తెరా, ఆవిడ ముఖమూ మాత్రమే కనపడుతున్నాయి. ఆవిడ చేతిలో సెల్‌ఫోన్ అలాగే ఉంది, బొటనవేలు దానిమీద పైకీ కిందికీ తిరుగుతోంది. గార్డు భార్య మొదటి ఇల్లు దాటింది. వేలు తిరుగుతూనే ఉంది. రెండో ఇల్లు. వేలు ఎవరికో ఏదో పంపింది. మూడో ఇల్లు దాటింది.

వేలు ఆగింది.

తెరమీద గార్డు భార్య ఇంకా నడుస్తూనే ఉంది. కూరల సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. మేడమ్ ఆమెని చూడటం లేదు. ఆవిడ కళ్లు తెర ఎడమ అంచుకి, వెనకబడిపోతున్న మూడో ఇంటివైపు వెళ్లాయి. అక్కడేమీ లేదు, మసక దీపం ఒక్కటే. గార్డు భార్య తలుపు తోసింది. నోరు తెరిచింది. ఆ నోటికి సరిగ్గా ఎదురింటి ఏడుపు కిటికీలోంచి వచ్చి అతికింది. విరూపాక్ష తల దించుకున్నాడు.

తల ఎత్తేసరికి ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని ఉంది. ఫోన్ మోగుతోంది. చూడకుండానే నొక్కేసింది.

"ఆ మూడో ఇంట్లో వాడేనా?" అంది, ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా.

విరూపాక్ష కిటికీవైపు తిరిగాడు. ఎదురింటి గుమ్మం ముందు పోగుపడ్డ చెప్పుల్లో మాస్టారివి కనపడ్డాయి. తనూ వెళ్లడానికి లేచాడు.