గౌరయ్య మడుగుని మారనివ్వలేదు

దేవుడు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి తెలివి పంచుతూ వచ్చి, ఆఖర్న మిగిలింది మోసుకెళ్ళే ఓపిక లేక మొత్తం తమ అరుగు మీద దింపేసి పోయాడని గౌరయ్య నమ్మకం. తమ్ముడు తవిటయ్యదీ, చెల్లెలు నూకరత్నానిదీ అదే నమ్మకం. ఇంట్లో ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే ఇక కాదనేదెవరు? ఊరివాళ్ళు కాదనేవారు గానీ, పాపం వాళ్ళకి తెలివి అందలేదు కదా అని వీళ్ళు పట్టించుకునేవారు కాదు.

వీళ్ళ నాన్న బతికున్నన్నాళ్ళూ ఊరి చివర కొంగల మడుగుకి కాపలా ఉండేవాడు. ఆయన పోయాక ఆయన ఖాకీ టోపీ గోడకున్న మేకుకి మిగిలింది. గౌరయ్య రోజూ పొద్దున్నే దాన్ని దులిపి, తలదాకా ఎత్తి, పెట్టుకోకుండానే మళ్ళీ మేకుకి తగిలించేవాడు. ఎందుకంటే కాపలా పని ఇప్పుడు చదువుకున్నవాళ్ళకేనట. మండలంలో కమ్యూనిటీ కాలేజీ అని ఒకటి వచ్చింది. పర్యావరణం, వన్యప్రాణుల నిర్వహణ అని అందులో ఏడాది చదువు పెట్టారు. వయసుతో పని లేదు. పాసై, కాగితం మీద మేష్టారి సంతకం తెచ్చుకున్నవాడిదే మడుగు. నలభై ఏళ్ళ గౌరయ్యకి ఆ టోపీ తన తలకెక్కడం తప్ప ఇంకో కోరిక లేదు. అంతే, ముగ్గురూ వెళ్ళి చేరిపోయారు.

మొదటి రోజే పేర్రాజు మేష్టారు, "నేను చెప్పిందల్లా రాసుకోండి. ఒక్క ముక్క కూడా వదలొద్దు" అన్నారు. ఇంకేముంది! గౌరయ్య ఒక్క ముక్క కూడా వదల్లేదు.

రెండు నెలల తర్వాత మేష్టారు అడిగారు. "చిత్తడి నేల అంటే ఏమిటి గౌరయ్యా?"

గౌరయ్య లేచి, చేతులు కట్టుకుని, కంఠతా అప్పజెప్పాడు. "చిత్తడి నేల అంటే నీరు ఎక్కువ కాలం, ఖళ్ళు ఖళ్ళు, ఆ కిటికీ ఎవరైనా వెయ్యండమ్మా, నిలిచి ఉండే నేల. ఎవర్రా వెనకాల వేరుశెనక్కాయలు తింటున్నది?"

"నేనే మేష్టారూ" అని వెనక బెంచీలో తవిటయ్య లేచి నిలబడ్డాడు.

మేష్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అవి ఆనందబాష్పాలని గౌరయ్యకి అర్థమైంది.

ఏడాది గడిచింది. చివరి పరీక్ష మడుగులోనే పెట్టారు. "రేపు పొద్దున ముగ్గురూ దిగి పక్షుల లెక్క రాయండి" అన్నారు మేష్టారు. "లెక్కలో అటూ ఇటూ అయినా క్షమిస్తా. మీరు దిగేటప్పుడు మడుగు ఎలా ఉందో, బయటికొచ్చేటప్పుడు కూడా అలాగే ఉండాలి. ఏమీ మారకూడదు. మారిందా, ఇక టోపీ సంగతి మర్చిపో గౌరయ్యా. ఎల్లుండి పొద్దున్నే నేనొచ్చి చూస్తా."

గౌరయ్య అదంతా రాసుకున్నాడు. మర్నాడు టోపీ సంచీలో పెట్టుకుని బయల్దేరాడు. దిగే ముందు గట్టు మీద నిలబడి పుస్తకంలో ఇలా రాశాడు: గేదె ఒకటి, నీళ్ళలో, తల తూర్పుకి. గేదె మీద కొంగలు మూడు. గట్టు మీద పళ్ళు తోముకుంటున్న బస్సు కండక్టరు ఒకడు. సూర్యుడు తాటిచెట్టు మొదట్లో.

పక్షుల లెక్క తొమ్మిదింటికే అయిపోయింది. ఇక గట్టెక్కుదామని వెనక్కి తిరిగితే ఏముంది, గేదె లేదు!

"అయ్యయ్యో పెద్దన్నా, మడుగు మారిపోయింది!" అని నూకరత్నం గుండెలు బాదుకుంది.

గౌరయ్య గబగబా పుస్తకం తిరగేశాడు. "ఏడవకే. అది అప్పలకొండ అత్త గేదె. తోలుకొచ్చేద్దాం."

అంతే, పరుగెత్తారు. అప్పలకొండ అత్త పాలు పితుకుతోంది. "ఒరే, నా గేదె ఏం చేసిందిరా మిమ్మల్ని?" అని ఆవిడ చెంబుతో వెంటపడుతున్నా వినకుండా తోలుకొచ్చి మడుగులో నిలబెట్టారు. తల పడమటికి పెట్టింది. ముగ్గురూ కలిసి తూర్పుకి తిప్పారు. కొంగలు ఎగిరిపోయాయి.

"కొంగల సంగతి తర్వాత. ముందు కండక్టరు" అన్నాడు గౌరయ్య.

కండక్టరు డ్యూటీ ఎక్కేశాడు. పట్నం వెళ్ళి తిరిగొస్తున్న బస్సుకి అడ్డంగా తవిటయ్య మడుగు పక్క రోడ్డు మీద పడుకున్నాడు. గౌరయ్య ఎక్కి, కండక్టరు చేతిలో వేపపుల్ల పెట్టాడు. "బాబ్బాబు, మా నాన్న టోపీ నీ పళ్ళ మీద ఆధారపడి ఉంది. ఒక్కసారి దిగి తోముకో."

"పొద్దున్నే తోముకున్నానయ్యా!"

"చూశాం. అందుకే గదా అడుగుతున్నాం."

ఎందుకొచ్చిన గొడవని కండక్టరు దిగాడు. ఈ వింత చూద్దామని బస్సులో ఉన్న నలభై మందీ దిగారు. ఇంకేముంది! ఒక్కడు కావాల్సిన గట్టు మీద నలభై ఒక్కరయ్యారు. నూకరత్నం చీర చెంగు బిగించి, "వెళ్ళండి, మీరెవరూ పొద్దున లేరు!" అని అరుస్తూ వాళ్ళని తరిమింది. వాళ్ళతో పాటు కండక్టరూ పారిపోయాడు. ఆ గోలకి గేదె కూడా ఇంటిదారి పట్టింది.

గౌరయ్య నీళ్ళలో చతికిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుందామని తలెత్తితే, సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

"అయిపోయిందిరా తవిటీ. అది కూడా కదిలిపోయింది. దాన్నెవడు తోలుకొస్తాడు?"

తవిటయ్య తాటిచెట్టు వైపు చూశాడు. "తోలక్కర్లేదన్నా. రేపు పొద్దున అదే వస్తుంది గదా, తాటిచెట్టు మొదట్లోకి. గేదె కోసం పోయింది లెక్కలోకి రాదు. అప్పటిదాకా ఇక మనం బయటికి పోకపోతే సరి."

ఆ ఇంట్లో అంతకు ముందు అంత తెలివైన మాట ఎవరూ అనలేదు. అంతే, ముగ్గురూ ఇంకేమీ మారిపోకుండా మోకాలి లోతు నీళ్ళలో గుంజల్లా నిలబడిపోయారు. తుమ్ము వచ్చినా మింగేశారు.

తెల్లారింది. సూర్యుడు తాటిచెట్టు మొదట్లోకి వచ్చాడు. వెనకాలే గేదె వచ్చి తూర్పుకి తల పెట్టింది. కండక్టరు వీళ్ళని చూసి ఆమడ దూరంలో నిలబడి పళ్ళు తోముకున్నాడు. కొంగలు రెండొచ్చాయి. మూడోది కూడా వచ్చి వాలేసరికి గౌరయ్యకి ఏడుపొచ్చింది.

అప్పుడే పేర్రాజు మేష్టారు గట్టెక్కి చూసి, అలాగే నోరు తెరిచారు. నాలుగేళ్ళుగా జాడ లేని సంచి ముక్కుల గూడబాతులు మడుగు నిండా ఉన్నాయి. తవిటయ్య భుజం మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

మేష్టారు చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయారు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. రెండోది చేతిలో పట్టుకుని, గౌరయ్య దగ్గరికొచ్చి, అతని సంచీలోంచి టోపీ తీసి ఆయనే అతని తల మీద పెట్టారు.

"నిన్ను తక్కువగా అనుకున్నాను గౌరయ్యా. మడుగు ఈ క్షణాన ఎలా ఉందో, నీ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఇలాగే ఉండాలి. ఏమీ మారకూడదు. పద, గట్టెక్కి నీ కాగితం మీద సంతకం పెడతా."

గౌరయ్య పుస్తకం తీసి రాసుకున్నాడు: గేదె ఒకటి. కొంగలు మూడు. గూడబాతులు డెబ్భై. మేష్టారు ఒకరు, మోకాలి లోతులో, చేతిలో చెప్పు.

మేష్టారు ఒక అడుగు వేశారు.

"కదలకండి మేష్టారూ" అన్నాడు గౌరయ్య.

"అదేమిటి నాయనా? సంతకం వద్దా?"

సంతకం! గౌరయ్య మనసు ఒక్కసారి అటు లాగింది. కానీ వెంటనే నవ్వేశాడు. "నాకు తెలుసు మేష్టారూ, ఇది కూడా పరీక్షే. సంతకానికి ఆశపడి మిమ్మల్ని గట్టెక్కనిస్తే మడుగు మారిపోదూ? తవిటీ, అటు కాయి. నూకరత్నం, మేష్టారికి ఇంట్లోంచి గొడుగు తీసుకురా. వద్దొద్దు, పుస్తకంలో గొడుగు లేదు."

కాలేజీవాళ్ళు మేష్టారిని వెతుక్కుంటూ వచ్చేసరికి మూడో రోజైంది. గట్టు మీద ఖాకీ టోపీతో కాపలా కాస్తున్న మనిషిని చూసి, "ఏమయ్యా, నీకు కాగితం ఇచ్చారా?" అని అడిగారు.

"ఇంకా లేదండీ. మేష్టారు సంతకం పెట్టాలి" అన్నాడు గౌరయ్య. "ఆయనకి తీరిక దొరకడం లేదు. మడుగులో ఉన్నారు."