వేపమండ కట్టిన బొరియ

చిన్న కథ. మీ అమ్మ అన్నం వడ్డించేలోపు అయిపోతుంది.

అనగనగా ఒక అడవిలో బైరాగి అనే నక్క ఉండేది. అడవంటే పెద్దదేం కాదు. ఈ చివర కొంగ తుమ్మితే ఆ చివర తాబేలు "చిరంజీవ" అనేది. ఆ కొంగ ఒంటికాలి మీద నిలబడేది తపస్సుకని అందరికీ చెప్పుకునేది. నిజానికి రెండో కాలికి ఆనెకాయ. సరే, మనకెందుకు.

ఎలుగుబంటి దొరబాబు బొరియలు తాకట్టు పెట్టుకుని తేనె అప్పిచ్చేది. మూడు వాయిదాలు తప్పితే గుమ్మానికి ఆకు కట్టించి, వచ్చే పున్నమికి బొరియను వేలం వేసేది.

బైరాగికి వేటంటే బద్ధకం. కాకి కోటప్ప ఏదో విద్య నేర్పుతోందని విని వెళ్ళింది. విద్య తేలికే. వేలానికి రాబోయే బొరియను అందరికంటే ముందు పసిగట్టాలి. ఇంటివాళ్ళను ఓదార్చి, చౌకగా అమ్ముతామని తాటాకు మీద రాయించుకోవాలి. ఆ తాటాకును ఇంకొకరికి ఎక్కువకు అమ్మేయాలి.

"అలాంటి ఇల్లని ఎలా తెలుస్తుంది గురువుగారూ?" అని అడిగింది నక్క.

"మూడు గుర్తులు. వాకిట్లో గడ్డి పెరిగి ఉంటుంది. ఇంటివాళ్ళు బయటికి రారు. గుమ్మానికి ఆకు వేలాడుతుంది," అంది కాకి.

ఇంత విద్య ఉన్న కాకి ఇంకా పుల్లల గూట్లోనే ఎందుకుందో నక్క అడగలేదు. గురుదక్షిణ కోసం తన బొరియనే దొరబాబుకు తాకట్టు పెట్టింది. మూడు నెలల్లో ఒక్క బేరమైనా కుదరకపోతే తన గుమ్మానికీ ఆకే.

మొదటి నెల, గడ్డి పెరిగిన వాకిలి చూసి కుందేలును ఓదార్చింది.

"అది మా రాత్రి భోజనం. తొక్కకు," అంది కుందేలు.

రెండో నెల, బయటికి రాని గుడ్లగూబను పట్టపగలు లేపి ఓదార్చింది. అదేం తిట్టిందో చెబితే మీ అమ్మ నన్ను తంతుంది.

మూడో నెల అదృష్టం పండింది. ముళ్ళపంది కొండమ్మ వాకిట్లో మోకాలెత్తు గడ్డి. లోపల అలికిడి లేదు. గుమ్మానికి ఆకేమిటి, ఏకంగా మండే వేలాడుతోంది. బైరాగి లోపలికి దూరి, పడుకున్న పిల్లలను ఒక్కొక్కరినే ఒళ్ళోకి తీసుకుంది. ముళ్ళు గుచ్చుకున్నా ఓర్చుకుంది. వ్యాపారం కదా.

"ధైర్యంగా ఉండక్కా. ఇల్లు పోయినా నేనున్నాను. ఈ తాటాకు మీద వేలిముద్ర వెయ్యి, చాలు."

"ఇల్లెక్కడికి పోతుంది తమ్ముడూ? అది వేపమండ. పిల్లలకు ఆటలమ్మ పోసింది. నువ్వెందుకు ఎత్తుకున్నావు?" అంది కొండమ్మ.

పదిహేనో రోజుకు బైరాగికి ఒళ్ళంతా పొక్కులు. మూడో వాయిదా కూడా తప్పింది. దొరబాబు ఆకు కట్టించింది. కొండమ్మ జాలిపడి, దాని పక్కనే ఒక వేపమండ కట్టి, గంజి పెట్టి వెళ్ళింది.

పున్నమికి దొరబాబు డప్పుతో వచ్చింది. వేపమండ చూసి ఆమడ దూరంలో ఆగిపోయింది. వేలం పాడడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. వేలం వచ్చే పున్నమికి వాయిదా పడింది.

ఇది జరిగి ఏడేళ్ళు. బైరాగికి ఆటలమ్మ ఇంకా తగ్గలేదట. వేపమండ మాత్రం ప్రతి పున్నమికీ పచ్చగానే ఉంటుంది.

నీతి: ఎదుటివాళ్ళ కష్టంలో బేరం వెతికేముందు, ఆ కష్టం ఏమిటో ఒక్క మాట అడగాలి.